అర సెకను

దల్కావే రేవులో వాన తెరిపివ్వని గురువారం
బల్ల మీద రెండిటినీ పక్కపక్కన పెట్టాను.
పాతది ఆరు మెగాపిక్సెళ్లది. పట్టు రబ్బరు ఊడిపోతే
ఎలిసేయో మామ పడవకి పూసే తారుతో అతికించాడు.
ఎండ తగిలితే ఇప్పటికీ అరచేతికి నల్లగా అంటుతుంది.
కొత్తది జనవరిలో ఫెర్రీ ఎక్కి వచ్చింది.
దాని ధరకి ఈ దీవిలో రెండు జతల ఎద్దులొస్తాయి,
కాడితో సహా.

కొత్తది కళ్లు వెతుకుతుంది.
పొగ కమ్మిన వంటింట్లో, బంగాళాదుంపల బుట్ట వెనక
నక్కిన పిల్లి కన్ను కూడా పట్టేసి
చుట్టూ పచ్చటి గడి గీస్తుంది.
పాతదానికి కన్నూ చొక్కా గుండీ ఒకటే.
సాయంత్రం నాలుగు దాటిందా,
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ,
కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిన ముసలాయనలా
గుర్రుగుర్రుమంటూ తడుముకునేది.

దాని సెన్సరులో ఒక చుక్క చెడిపోయింది.
పైన, కుడి మూల, ఎర్రగా.
తొమ్మిదేళ్లు ఈ ఊరి ప్రతి పెళ్లి మీదా
ప్రతి శవపేటిక మీదా అదే చుక్క వెలిగింది.
మొదట్లో కూర్చుని తుడిచేదాన్ని.
ఒకనాడు దోన్యా ఒర్తెన్సియా ఫోటో వెనక్కి తెచ్చి,
"అందరి ఫోటోల్లో నక్షత్రముంది, మా ఆయనదానిలో ఏదీ?" అంది.
మళ్లీ పెట్టిచ్చాను.

అసలు చెప్పాలనుకున్నది ఇల్లు లాగిన రోజు గురించి.
మా దగ్గర ఇల్లు మారడమంటే ఇల్లే మారడం.
దుంగల మీదికెక్కించి, ఎద్దుల్ని పూన్చి,
ఊరంతా తాళ్లు పట్టి, పోటు చూసి నీళ్లలోకి దించి
పడవలతో అవతలి ఒడ్డుకి లాక్కుపోతారు.
కిటికీ తెరలు ఊగుతూనే ఉంటాయి.

పద్దెనిమిదేళ్ల కింద, నెస్తోర్ నవెల్కిన్ ఇల్లు.
తాళ్లు బిగిసే ముందు అతను టోపీ తీసి
ఖాళీ అవబోతున్న నేల వైపు వంగాడు.
నొక్కాను.
పాతది ఆలోచించింది.
అర సెకను.
ఫోటోలో టోపీ తల మీదే ఉంది. వంగిన వీపు లేదు.
ఎవరూ చూడలేదు కదా అనుకునే మనిషి మొహం మాత్రం ఉంది.

ఈ ఫిబ్రవరిలో అతని కూతురు మరీత్సా ఇల్లు.
కొత్తదానికో విద్య వచ్చు: నొక్కకముందే తీస్తుంది.
వేలు ఆనిస్తే చాలు, గడిచిపోయిన అర సెకనుని
బుగ్గన దాచుకుని, నొక్కగానే బయటపెడుతుంది.
మరీత్సా గుమ్మంలో నిలబడింది. నాన్నలాగే వంగింది.
నలభై ఫ్రేములు.
జారుతున్న జడలో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు.
వంగబోయే ముందు నావైపు చూసింది, అదీ ఉంది.
కెమెరా ఉందో లేదో చూసుకున్న చూపు.
నేను అడగని చూపు. నేను నొక్కని చూపు.
అది నాదో, ఆమెదో, యంత్రానిదో తేలక
మూడు రోజులు ఉంచాను. చెరిపాను.
చెత్తబుట్టలోంచి మళ్లీ తీశాను.

పాతదాన్ని పొగడటం లేదు.
నా కూతురి మొదటి అడుగు అడిగితే
బల్ల కాలు చూపించింది అది.
మామ ఆఖరి నవ్వు ఉత్త మసక.
కొత్తది ఉండుంటే అని ఎన్ని రాత్రులు అనుకున్నానో
నాకూ ఆ తారు మరకకీ తెలుసు.

వాన కాస్త తగ్గాక బెనీసియో వచ్చాడు,
సార్డీన్ల పడవ మీద కూలి దాచుకున్న నోట్లతో.
"పనిచేస్తుందా?"
"చేస్తుంది. నిదానంగా."
గుమ్మంలోకెళ్లి, కళ్లకానించుకుని, నవ్వమన్నాడు.
నవ్వాను. ఏమీ జరగలేదు.
చాలు కాబోలని పెదవులు మూసి,
రేపు కట్టాల్సిన కరెంటు బిల్లు గుర్తొచ్చి తలుపు వైపు చూశాను.
అప్పుడు టక్కుమంది.

వాడు తెర చూసి ఏమీ అనలేదు.
బ్యాటరీ మూత పడిపోతుంటుంది,
దారం కట్టుకోమని చెప్పాను.