రసమట్టం

నైఫ్ గల్లీల మా పడక, మెరీనాల మా పని.
నడుమ ముప్పావుగంట రైలు, డ్రైవర్ లేని రైలు.
సంచిల రబ్బరు సుత్తె, తాపీ, పండ్ల పలక,
పాత లుంగీ ముక్కల చుట్టిన రెండడుగుల రసమట్టం.

సోమవారం యూనియన్ గేటు కాడ
ఒకాయన నా సంచి దిక్కు గూడ చూడలే.
మంగళవారం అదే గేటు, అదే సంచి.
"ఇదేంది?" అన్నడు ఇంకొకాయన.
విప్పి చూపిస్తి. పచ్చ నీళ్లల్ల బుడగ.
అటు వంచిండు, ఇటు వంచిండు,
చిన్నపిల్లగాని లెక్క నవ్విండు,
నవ్వి, "లోపలికి నడవది" అన్నడు.
బస్సులు మారి పోయేసరికి తొమ్మిది దాటింది,
సగం దినం కూలి కట్.
బుధవారమా?
బుధవారం మళ్ల ఎవరూ అడగలే.

కాయిదా వద్దని నేను అంటలేను.
కాయిదా లేకుంటె నేనేం మేస్త్రిని?
దారం గట్టందే ఒక్క టైల్ పరవను.
దారమే పొద్దుకో తీరు ఊగితె
గోడ నన్నేమంటది, సేటు నన్నేమంటడు?

లింబాద్రి సంగతి చూడుండ్రి.
ఆడోళ్ల డబ్బా కాడ నేల మీద గులాబి గీత.
సాయంత్రం ఆరున్నర, బిజినెస్ బే కాడ మంది నూకితె
వాని ఎడమ మడమ గీతకు అవతల పడ్డది.
మడమే. వేళ్లు ఇవతలనే ఉన్నయ్.
నూరు దిర్హమ్‌లు.
రసీదు గూడ ఇచ్చిండ్రు, మర్యాదగ.
గీత లోపట నిండ నిలబడి
ఫోన్ల ఫ్లాటు బేరమాడుతున్న కోటాయనకు మాత్రం
"సర్, ప్లీజ్, కొంచెం ఇటు."
లగ్గం నాడు మా అత్త గూడ
అంత మెత్తగ పిలువలే నన్ను.
లింబాద్రి ఆ రసీదు పారేయలే.
మంచం పక్క గోడకు అతికించిండు.
ఎవరన్న అడిగితె
"నా మడమ కిరాయి" అంటడు.

నాకు గూడ అయ్యింది ఒకపారి.
కడుపుల తిప్పుతున్నదని నోట్ల ఇలాచి వేసుకుంటి.
"నములుతున్నవా?"
లేదు సార్, చప్పరిస్తున్న.
నమిలితె జుర్మానా. చప్పరిస్తె ఎంతనో
ఆయనకూ తెలువది.
నా నోట్లకు జూసుకుంట నిలబడ్డడు,
రెండు బండ్లు పోయినయ్,
అప్పుడు పో అన్నడు.
ఆ రెండు బండ్లకు రసీదు లేదు.
ఎక్కి చూస్తె, అద్దానికి అవతల గోల్డ్ డబ్బాల
ఒకామె మూత గ్లాసుల కాఫీ
సల్లగ, ఊదుకుంట, తాగుతనే ఉన్నది.
తాగనీ. ఆమె మీద నాకు కోపం లేదు.
ఆ ఊదుడు మీదనే.

మొన్న రాత్రి పదకొండు దాటినంక
మెరీనా ప్లాట్‌ఫామ్ మీద నేనూ, ఒక గార్డూ.
ఎద మీది పట్టీల పేరు: దిల్ బహదూర్.
బండికి ఆరు నిమిషాలు.
ఊకె ఉండలేక
లుంగీ ముక్క విప్పి రసమట్టం నేల మీద పెట్టిన.
ఎవరు పరిచిండ్రో గని, వాని చేతికి దండం.
బుడగ రెండు గీతల నడుమ
కూసున్నది, మెదలలే.

బూట్ల చప్పుడు.
"ఇట్ల పెట్టొద్దు."
ఏ కాయిదా అని నేను అడగలే.
తీయబోతుంటె, "ఆగు" అన్నడు.
టోపీ చంకల పెట్టుకొని
మోకాలు నేలకానిచ్చి వంగి
ఆ బుడగనే చూసిండు చాన సేపు.
"సీదా హై?"
"సీదానే" అన్న.
"నాలుగేండ్ల సంది ఈడనే నిలబడుతున్న,
నాకెప్పుడూ ఒక పక్కకు ఒరిగినట్టే కొడతది" అన్నడు,
నడుము పట్టుకొని లేసిండు.

బండి వచ్చింది.
సంచి విప్పుమనలే.
తలుపులు పడ్డంక అద్దంలకెల్లి చూస్తె
నేను రసమట్టం పెట్టిన కాడనే నిలబడి ఉన్నడు,
ఒక కాలు మీద బరువేసి.

రేపు అదే సంచి.
గేటు కాడ ఎవరుంటరో.