క్రియ చివర

జూన్ నెల. గుజ్జు ఫ్యాక్టరీల పులిసిన వాసన
చిత్తూరు మీద తడిగుడ్డలా పరుచుకుని ఉంది.
గిరింపేటలో నా డీటీపీ కొట్టుకు
రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేది మరకతం,
గోళ్ళలో తోతాపురి పసుపు,
సంచిలో నాలుగు రూళ్ళ నోటుబుక్కులు.

"పిలకాయలకు రాసిండానన్నా.
పన్నెండు దాటి పద్దెనిమిది నిండని పిలకాయలకు.
పెద్దోళ్ళకు చెప్పి చెప్పి నోరు నొచ్చింది."

పెళ్ళిపత్రికలు, బాడుగ కాగితాలు,
కన్నీటి నివాళులు కొట్టే వేళ్ళు నావి.
వాటితో మొదటిసారి ఒక రాజ్యాన్ని కొట్టాను.

కౌండిన్య అడవికి అవతల ఉందట అది.
అక్కడ పుట్టగానే పేరు పెట్టరు.
పదమూడో ఏట ఎవరి పేరు వాళ్ళ చెట్టున పండి
రాత్రిపూట టప్పున రాలుతుంది.
లాంతరు పట్టుకుని పోయి ఏరుకోవాలి.
కథలోని బిడ్డకు రెండు రాలాయి.
ఒకటి ఊరే ఏరి చేతిలో పెట్టింది.
ఇంకొకటి గడ్డిలో,
చిలక కొరికి, ఇంకా వెచ్చగా.
ఏనుగులు దారి కాచి అడుగుతాయి:
ఏది నీది?

నూట నలభై పేజీలు.
ఆ బిడ్డ ఆడో మగో ఎక్కడా రాయలేదని
చివరిదాకా నాకు తట్టనే లేదు.

అట్ట వెనక పరిచయం దగ్గర చిక్కొచ్చింది.
"పలమనేరులో పుట్టా" వరకు కొట్టి ఆగాను.
తెర మీద సన్నగీత ఆరుతూ వెలుగుతూ
నన్నే చూస్తోంది.
ఏటా గంగజాతరలో చీర కట్టే మా బావమరిదికి
ఎదురెళ్ళి దండం పెట్టేవాణ్ణి నేను.
అయినా "డు" అనే కొట్టాను.
పాత ఆధార్ జిరాక్సు నా దగ్గరే ఉంది మరి.

ఆమె ఏమీ అనలేదు.
ఎర్ర పెన్నుతో "డు" చుట్టూ సున్నా చుట్టి,
ఒత్తు తప్పు దిద్దినంత తేలిగ్గా,
పక్కన "ను" రాసింది.

"నేను అన్నామంటే
క్రియ చివర ఎవురూ చీరా పంచా అని అడగరన్నా.
బుక్కంతా అందుకే నేనులో రాసినా.
అతడు, ఆమె అన్నామా,
సంతంతా లోపలికొచ్చి కుచ్చుంటాది."

ముప్పై ఏళ్ళుగా తెలుగు కొడుతున్నాను.
నా వేళ్ళ కిందే ఉన్న ఆ సందుతలుపు
ఒక్కనాడూ చూడలేదు.

మొన్న సాయంత్రం బోనఫైడ్ జిరాక్సుకు
తొమ్మిదో తరగతి బిడ్డ.
మెడలో వదులైన టై, ఒక చెప్పుకు పిన్నీసు.
చిత్తుకాగితాల పెట్టెలోంచి ప్రూఫు పేజీలు తీసి
నిలబడే చదువుతూ, బడి బస్సు హారను కొట్టినా కదలకుండా.

"తర్వాత పేజీ ఏది అంకుల్?"
లేదన్నాను. ఇంకా ప్రింటుకు పోలేదన్నాను.

కాసేపు గోరు కొరుక్కుని, చాలా మెల్లగా,
"నేనైతే గడ్డిలోదే ఏరుకుంటా" అని,
చిల్లర మరిచిపోయి,
వానలోకి.