మిగులు గుడ్డ

పాత వణ్ణారపేటలో మా వరస ఇళ్ళకి
కాపురాలు ఆరు, మరుగుదొడ్డి ఒకటి.
నేను లోపలికెళితే
సెల్వరాణి ఉంగరపు వేలితో తలుపు కొడుతుంది:
"అక్కా, ఇంకా కాలేదా?"
కాలేదు. ఐదు రోజులైంది.

చిన్నప్పటినుంచీ ఇదే లెక్క.
మా అవ్వ ఆముదం పోసింది, కరక్కాయ అరగదీసింది,
చివరికి "పిసినారి కడుపు" అని పేరు పెట్టి ఊరుకుంది.
పెళ్ళయ్యాక ఆ ఊసే ఎవరిదగ్గరా ఎత్తలేదు.
హుక్సు కుడుతుండగా పిలుపొస్తే
ఇంకొక్క జాకెట్టు, అనేదాన్ని.
పిలుపు కాసేపు గుమ్మంలో నిలబడి
చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేది.

స్టాన్లీ ఆసుపత్రిలో సున్నపుతేటలాంటి మందు
వెనకనుంచి ఎక్కించి ఫొటో తీశారు.
డాక్టరమ్మ వెలుతురుకి పట్టగానే
నాకు తెలిసిపోయింది, కొలత తప్పిన గుడ్డ.
కిందికి జారి, మళ్ళీ లేచి,
పక్కటెముకల దాకా పోయి, అక్కడ మెలిక తిరిగి
జానెడు జేబులో తానంతా కుక్కినట్టు.

"పెద్దపేగు మామూలుకంటే పొడుగమ్మా. దారి దూరం.
పోయినంతసేపూ నీరు పీల్చేసుకుంటుంది, గట్టిపడుతుంది."
"కత్తిరించేద్దామా?" అన్నాను, చేతివాటం.
"కత్తెర ఆఖరి మాట.
మిగులు గుడ్డని మీరేం చేస్తారు?"
లోపలికి మడిచి కుడతాం.
"మరింకేం."

నీళ్ళు. రాగి అంబలి. గోరుచిక్కుడు, తొక్కతో జామకాయ.
రాత్రి గ్లాసులో కలుపుకోవడానికి పొడి.
తిన్న పావుగంటకి వెళ్ళు, ముక్కకు,
రాకపోతే లేచి వచ్చెయ్.
కమోడు ముందు కాళ్ళకింద పీట వేసుకో.
నెత్తురు పడినా, కడుపు బిగిసి వాంతులైనా పరుగెత్తుకు రా.
పిలుపొస్తే మాత్రం మెషీను ఆపు.
అన్నిట్లోకీ ఇదే కష్టం.

అంట్లు తోముతూ సెల్వరాణికి చెప్పేశాను.
ఆమె గిన్నె బూడిదలోనే ఉంచి,
"నాక్కూడా నాలుగు రోజులకోసారే" అంది, గొంతు తగ్గించి.
మర్నాడు దొడ్లో
వాళ్ళబ్బాయి చదువుకునే పీట.
బకెట్ల వరసలో నా వంతు ఏడుంబావుకి మార్చారు,
ఎందుకని ఎవరూ అడగలేదు.

తగ్గిపోయిందని చెప్పను.
రెండు రోజులకోసారి. కొన్ని వారాలు మళ్ళీ పాత పిసినారి.
కడుపు పొట్టి కాదు కదా,
నేనే దాని కొలతకి రోజుని కుట్టుకుంటున్నాను.

దీపావళి ఇంక తొమ్మిది రోజులు. జాకెట్లు నలభై.
సూది గుడ్డలో సగం దిగి ఉంది.
గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు అనిపించి
పెడలు మీంచి కాలు తీశాను.
సెల్వరాణీ, కాస్త కొట్టు చూస్తావా.