వెనక పేజీ

డాక్టర్ ఎండెల్ సారమెట్స్ స్కేలు వాడేవాడు కాదు.
"యొహ్వికస్ పండంత గడ్డ" అని రాసేవాడు,
లేకపోతే "పొహ్ల్ కంటే కాస్త పెద్దది,
కోస్తుంటే కత్తికి ఇసుక తగిలింది" అని.
ఆయన టైపు మిషన్‌కి ఆర్ అక్షరం సగమే పడేది.
ఎస్టోనియా బురదనేలల్లో పండే చిట్టిపండ్లన్నీ
ఆయన రిపోర్టుల్లో కాసేవి.

నా గడిలో అంకె మాత్రమే పడుతుంది.
మిల్లీమీటర్లు, మూడు ఖాళీలు.
తెలియకపోతే తొమ్మిది తొమ్మిది తొమ్మిది.
అలా తొమ్మిదులు పెట్టుకుంటూ పోవడానికి మనసొప్పక
సెప్టెంబరులో ఓ శనివారం తార్తు బజారుకెళ్ళి
రెండు రకాలూ అరకిలో చొప్పున కొన్నాను.
వంటింటి బల్ల మీద వెర్నియర్ పెట్టుకుని
రకానికి నూరు పండ్లు కొలిచాను.
మా చెల్లెలు హెల్వె ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ
"ఇది అయిందా? మరి ఇది?" అని అడిగింది.
యొహ్వికస్ పన్నెండు. పొహ్ల్ ఎనిమిది.
కాస్త పెద్దది అంటే?
ఆ "కాస్త" దగ్గర వారం రోజులు ఆగిపోయాను.

రొమ్ము, పైభాగం, బయటివైపు: సి యాభై, చుక్క, నాలుగు.
గడ్డ గుణం వేరే చోట, ఏటవాలు గీత పక్కన ఒక్క అంకె.
సున్నా అయితే సాధువు.
ఒకటైతే ఎటూ చెప్పలేం.
రెండైతే ఇంకా గడప దాటలేదు.
మూడైతే దాటింది.
"ఈ అంచు నాకెందుకో నచ్చలేదు,
కోయిట్‌ని కూడా ఓసారి చూడమన్నాను"
అన్న వాక్యానికి ఏ అంకె వెయ్యాలి?
దాన్ని నా నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను.
ఆ పుస్తకం నన్నెవరూ అడగరు.

రైకో రాసిన ప్రోగ్రాం
నా కాఫీ చల్లారేలోపు నలభై వేల రిపోర్టులు చదువుతుంది.
దానికి అక్షరాభ్యాసం చేయించింది నేనే.
చోటుకి పసుపు, పరిమాణానికి నీలం,
లేదన్న మాటకి ఎరుపు.
మా భాషలో లేదనడానికి రెండే అక్షరాలు,
వాక్యమంతా భయపెట్టి భయపెట్టి
ఒక్కోసారి ఆఖరున వస్తాయి.

నవంబరులో పరిశోధకులు ఫోన్ చేశారు.
గ్రాఫు మీద ఎక్కడో దూరంగా ఒంటరిగా ఒక చుక్క.
ఎనభై ఏడులో బయటపడిన రోగం, గీత పక్కన మూడు,
చికిత్స ఏదీ నమోదు కాలేదు,
ముప్ఫై ఆరేళ్ళయినా మనిషి బతికే ఉంది.
ఏం తింది? ఏ జన్యువు కాపాడింది?
వ్యాసం సగం రాసేశారట.

ఉన్నికోటు తొడుక్కుని పాత రికార్డుల గదిలోకి దిగాను,
అక్కడ హీటరు ఉండదు.
అట్టఫైలులో ఆమె కాగితం:
"యొహ్వికస్ కంటే పెద్దది, గట్టి అంచు.
ప్రాణాంతకమైన పెరుగుదల"
అక్కడితో పేజీ అయిపోయింది.

తిప్పాను.
స్కాన్ చేసినవాళ్ళు తిప్పని వైపు,
మొదటి వరసలోనే, ఎయ్ లెయ్‌తుద్.
కనబడలేదు.
కింద పెన్సిలుతో చేతిరాత:
"ఆవిడకి ఈరోజే ఫోన్ చెయ్యండి. సోమవారం దాకా ఉంచొద్దు."

రైకో, నేను పక్కపక్కన కూర్చుని ఆమె వరస తీసేశాం.
చుక్క పోయింది.
బతుకు గీత ఓ వెంట్రుకవాసి కిందికి దిగింది.
పరిశోధకురాలు ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు,
తర్వాత "మంచిదే కదా" అంది, అదోలా.

ఆమెకి ఇవేవీ తెలియవు.
తనకెప్పుడూ లేని రోగంతో
మా పట్టికలో ఎన్నాళ్ళు కాపురం చేసిందో తెలియదు.
ఎనభై ఏడులో ఓ శుక్రవారం ఫోన్ మోగి ఉంటుంది,
పొయ్యి మీది పాలు పొంగి ఉంటాయి,
అంతే.

"ఇలాంటి వెనక పేజీలు ఇంకెన్ని ఉంటాయంటావు?"
అడిగాడు రైకో, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.
నేనింకా కోటు విప్పలేదు.
గది తాళంచెవి నా జేబులోనే ఉంది.