ఖాళీ మేకు

కంబాడోస్ రేవులో
ఆలిచిప్పల్ని డబ్బాలకెక్కించే షెడ్డు మాది.
బెల్టు వెంట నలభై మందిమి.
గోడకి ఒకే మేకు,
మేకుకి ఒకే చెక్కబిళ్ల.
అది మెడలో ఉంటేనే మరుగుదొడ్డికి దారి.
తక్కిన ముప్పై తొమ్మిది మందీ
కాలు మార్చి కాలు మీద నిలబడాలి.

నీళ్లు తాగొద్దని ఎవరూ అనలేదు.
నిజమే చెప్పాలి, ఎవరూ అనలేదు.
గుమ్మం దగ్గర డ్రమ్ము నిండుగానే ఉండేది,
గ్లాసు అడుగున దుమ్ముతో.
నోరు పిడచకట్టుకుపోతే
నిమ్మతొన చప్పరించేవాళ్లం.

కొత్తపిల్ల ఇరియా
మొదటిరోజే రెండు గ్లాసులు తాగింది.
మేం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం.
రెండో వారానికి తనూ మానేసింది.
ఎవరు మాన్పించారంటే
ఏం చెప్పను, ఆ నవ్వే.

"డోరిండాకి ఆరు నిమిషాలు పట్టింది" అని
సూపర్‌వైజరుకి వినబడేలా గొణిగింది కూడా నేనే.
ఆమె మోకాళ్లు అరిగిపోయాయని
తెలిసీ.

డొక్కలో సూదిపోటు.
రోజుకెన్ని గ్లాసులు, అన్నాడు డాక్టరు.
లెక్కపెట్టబోయి
ఒక్క వేలు మడిచి ఆగిపోయాను.
శనగగింజంత రాయి.
పంతొమ్మిదేళ్ల కొలువులో
నేను కూడబెట్టింది.

మార్చిలో పాతాయన పోయి సబేలా వచ్చింది.
ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.
సోమవారం పొద్దున చూస్తే మేకుకి బిళ్ల లేదు.
ఎవరో వేసుకెళ్లారనుకున్నాం.
పదింటిదాకా కాచుకున్నాం,
భోజనాల వేళదాకా,
బుధవారందాకా కూడా
ఆ ఖాళీ మేకు వైపే చూసి
సెలవడుగుతూ ఉన్నాం.

గురువారం డోరిండా చేతితొడుగులు విప్పింది.
గోడకేసి చూడలేదు.
కుంటుకుంటూ, తీరిగ్గా,
బెల్టు పొడవునా నడిచిపోయింది.
ఆమె జాగాలోకి నేనో అర అడుగు జరిగాను,
అటునుంచి ఇరియా జరిగింది.
ఒక్క చిప్పా జారిపోలేదు.
గడియారం నా వెనకే ఉంది.
మెడ తిరగబోయింది,
పట్టి ఆపాను.

వస్తూ వస్తూ ఆమె డ్రమ్ము దగ్గర ఆగింది.
గ్లాసు కడిగి, నింపి,
గటగటా తాగి, మూతి తుడుచుకుని
నాకూ ఒకటి తెచ్చిచ్చింది.
గోరువెచ్చటి నీళ్లు, ప్లాస్టిక్ వాసన.
సగమే దిగింది.
తక్కినది చిప్పల పక్కనే పెట్టుకున్నాను,
అందరికీ కనబడేటట్టు.