పన్నెండు ఔన్సులు

ఏప్రిల్ మొదటి వారం. ఐడహోలో చలికాలం
పోతున్నా పోతున్నా అంటూనే
గుమ్మంలో నిలబడి కబుర్లాడుతుంది.
వెర్నా టోలెఫ్సన్ బూట్ల మంచు దులుపుకుని
కౌంటరు మీద పెట్టె పెట్టింది.
"ఇది నన్ను కొడుతోంది, డెల్."

నేనే అమ్మాను, కిందటి అక్టోబరులో.
స్కాండియం చట్రం, టైటానియం సిలిండరు, అయిదు గదులు.
తూకానికి పన్నెండు ఔన్సులు.
చేతిలోకి తీసుకుంటే
ఏమీ తీసుకోనట్టే ఉంటుంది.

ముప్పై ఏళ్లుగా ఆవిడ కొండలెక్కి మంచు కొలుస్తోంది.
గొట్టం గుచ్చి, పైకి లాగి, తూచి,
ఎండాకాలం లోయకి ఎన్ని నీళ్లు దిగుతాయో చెబుతుంది.
వీపు మీద ఆ గొట్టాలే మోయలేనంత.
తేలికది ఇమ్మంది.
అరచేతిలో వైకుంఠం చూపించి పంపాను.

ఇప్పుడు ఆ అరచెయ్యి చాపింది.
బొటనవేలి మొదట్లో చర్మం చిట్లి
చుట్టూ వంకాయ రంగు.
అప్పుడు చెప్పాను, ఆర్నెల్లు ఆలస్యంగా:
బరువెక్కడికీ పోదు, వెర్నా.
నడుము మొయ్యనన్నదాన్ని
చెయ్యి మోస్తుంది, ఒక్క క్షణంలో,
వడ్డీతో సహా.

పిడి తనే చెక్కుకుంది.
విరిగిన పాత స్కీ, యాష్ కర్ర,
నూనె పట్టించి, గరుకు కాగితంతో వారం రోజులు రుద్దినట్టుంది.
చూడముచ్చట. నిజంగానే.
కానీ వెనక ఉక్కు వెన్నెముక బోసిగా వదిలేసింది,
దెబ్బంతా అక్కడి నుంచే.
నా దగ్గరున్న రబ్బరు పిడి అనాకారి,
వెనకంతా కప్పుతుంది, చిటికెనవేలికి కూడా చోటిస్తుంది,
కోటు అస్తరుకి మాత్రం అంటుకుపోతుంది, జలగలా.
రెండూ చెరో చేత పట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదు.

కొట్టు వెనక మట్టిగట్టు దగ్గరికి వెళ్లాం.
తను తెచ్చుకున్న మాగ్నమ్ తూటాలు,
నూట యాభై ఎనిమిది గ్రెయిన్లవి, అయిదు నింపాను.
అయిదోదాన్ని ముందే కాలిపర్‌తో కొలిచి
కొలత అట్టపెట్టె మీద రాశాను.
"నాలుగే కాల్చు" అన్నాను.
నాలుగు కాల్చింది. ప్రతిసారీ
పళ్ల మధ్య నుంచి ఏదో నార్వేజియన్ మాట.
కాల్చని అయిదోదాన్ని బయటికి తీసి మళ్లీ కొలిచాను.
గుండు ముందుకి జరిగింది, గోరు మందం.
ఇంకాస్త జరిగితే చట్రానికి తగిలి
సిలిండరు తిరగదు. అప్పుడిక అది రివాల్వరు కాదు,
ఖరీదైన రాయి.

కాలిన నాలుగూ గట్టులోకి పోయాయి.
కాలనిది కదిలింది.
ఆవిడ ఆ తూటాని వెలుతురుకి పట్టి చూసింది.
"మంచూ అంతే" అంది.
"పైన కొత్తది పడుతూనే ఉంటుంది.
జారేది మాత్రం
నవంబరులో పడి, ఎవరికీ గుర్తులేని పొర."

తర్వాత స్పెషల్ తూటాలు పెట్టాను,
నూట ముప్పై అయిదు గ్రెయిన్లు, రాగి తొడుగువి.
ఉత్త సీసానివి వద్దన్నాను, ఇంత తేలికదానిలో
అవి ఇంకా త్వరగా జారతాయి.
రబ్బరు పిడి బిగించాను.
నాలుగు కాల్చింది. తిట్టలేదు.
అయిదోది కొలిస్తే
పెట్టె మీద రాసిన అంకె వెంట్రుకవాసి మారలేదు.

"దీంతో ఎలుగుబంటి ఆగుతుందా?"
ఆగుతుందని నేను చెప్పను, అన్నాను.
నీ చెయ్యి రెండోసారి కాలుస్తుంది. అంతవరకు చెప్పగలను.
"ముప్పై ఏళ్లలో ఎప్పుడైనా కాల్చావా?"
"ఒక్కసారి, పాతదాంతో. గాలిలోకి. ఒక మూస్ దారికడ్డంగా ఉంటే.
అది తల తిప్పి చూసి
మళ్లీ విల్లో కొమ్మలు నమిలింది."

స్పెషల్‌వి రెండు పెట్టెలు కొంది.
స్కీ కర్ర పిడిని జేబు రుమాల్లో చుట్టుకుంది,
విరిగిన ఎముకని చుట్టినట్టు.
రబ్బరు పిడికి డబ్బు తీసుకోలేదు నేను,
తీసుకోమని ఆవిడా అడగలేదు.

ఆ అయిదో మాగ్నమ్ తూటా
నా సొరుగులో ఉండిపోయింది, రసీదుల మీద.
తాళంచెవి కోసం తెరిచినప్పుడల్లా కనిపిస్తుంది:
ముక్కు కాస్త బయటికి పెట్టి,
పక్కగదిలో ఎవరినో కొడుతుంటే విని
మంచం మీంచి
సగం లేచిన పిల్లవాడిలా.