పంచనామా

తుంగకుంట, పడమటి గట్టు.
పొద్దున ఆరు దాటి పది నిమిషాలు.
హాజరైనవారు: సర్వేయర్‌నైన నేను,
చైన్‌మన్ గాలయ్య,
గడ్డి కోతకు వచ్చి, కొడవలి చంకన పెట్టుకుని
మమ్మల్ని చూస్తూ ఆగిపోయిన ఈరమ్మ.
ఇంకా నీళ్లలో ఎవరో ఉన్నారు.
వాళ్ల సంగతి తర్వాత.

పదిహేడో నంబరు రాయి దొరకలేదు.
నక్షాలో ఉంది.
గుడ్డకు అతికించిన ఆ పాత నక్షాలో చెరువు
ఎండకు ఆరేసిన మేకతోలులా
నాలుగు కాళ్లూ చాపి పరుచుకుని ఉంది.
ఇప్పటి చెరువు
ఆ తోలుకు ఒక చెవి.

గాలయ్య గడ్డపారతో పొడిచి చూశాడు.
టైల్స్ పెచ్చులు, సగం కమోడ్,
నిమజ్జనమైన ఏ వినాయకుడిదో
ఉండ్రాయి వదలని చెయ్యి.
ఇది శిఖం భూమి అని చెప్పే రాయి మాత్రం లేదు.
"ఈడ రాళ్లకు రాత్రిపూట కాళ్లొస్తయి సార్" అన్నాడు.

ఈరమ్మ నవ్వలేదు.
నీలం రేకుల ప్రహరీ వైపు కొడవలి చూపించి
"అగో, ఆడ నాకు నడుముల దాకుండె.
ఆ పక్కకు పోతే మెడ" అంది.
నేను రాసుకోలేదు.
ఏ కోర్టూ ఈరమ్మ నడుమును
కొలతగా ఒప్పుకోదు.

ఇక్కడొక మాట, పంచనామాలో ఉండకూడనిది.
నేనుండే కాలనీ పేరు చివర కూడా కుంట అనే ఉంది.
వానాకాలం మా లిఫ్ట్ గుంతలో కప్పలు అరుస్తాయి.
పోయినేడు నిద్ర పట్టక
బ్లీచింగ్ పొడి చల్లి వచ్చింది నేనే.
తెల్లారి అంతా నిశ్శబ్దం.
పాప అడిగింది, నాన్నా, అవి ఎటు పోయాయని.

రేకుల్లో ఒకచోట మేకు ఊడిన రంధ్రం.
కన్ను పెట్టి చూశాను.
భాగస్తుల తగువులో ఆగిపోయిన సెల్లార్,
కరెంటు తీసేశాక మోటర్లు నిలిచిపోయి
కిందినుంచి తనంత తానే ఊరిన నీళ్లు,
తుప్పు పట్టిన చువ్వల మధ్య
తెడ్డుమూతి బాతులు,
ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతూ
నీటిని జల్లెడ పడుతున్నాయి.
సూదితోకలు తలకిందులై, తోకలు మాత్రం పైకి.
అంచున బురదలో ఉల్లంకి పిట్టలు
ఏదో పారేసుకున్నట్టు
గబగబా నడుస్తున్నాయి, ఆగుతున్నాయి,
మళ్లీ నడుస్తున్నాయి.

ఉల్లంకి పిల్లలు తల్లుల వెంట రావట.
పెద్దవి ముందే వెళ్లిపోతాయి.
మొన్న ఎండాకాలం ఏ మంచుదేశపు గడ్డిలోనో
గుడ్డు పగలగొట్టుకున్నది,
ఈ ఊరు ఎన్నడూ చూడనిది,
ఎవరూ చెయ్యి పట్టుకుని తీసుకురానిది
కొండలు దాటి వచ్చి
సెల్లార్ రెండో అంతస్తులో దిగింది.

మిషన్ బిగించి చూశాను.
రెండుసార్లు చూశాను.
గాలయ్యను కూడా చూడమన్నాను.
అది ముక్కుతో పొడుస్తున్న బురద
సరిగ్గా పదిహేడో రాయి ఉండాల్సిన చోటు.

ఫోను మోగింది. పై సారు.
"దొరకలేదని రాసి ముగించవయ్యా,
ఎండెక్కుతోంది."
సరే సార్ అన్నాను.
సరే సార్ అనడం నాకు బాగా వచ్చు.

పెన్ను తీసి ఇలా రాశాను:
రాయి లేదు. రాయి ఉన్నచోట నీళ్లున్నవి.
నీళ్లు ఎవరూ పోసినవి కావు.
ఈరమ్మ వేలిముద్ర వేసింది,
ఆకు పసరు అంటిన బొటనవేలితో;
సిరా నీలం, అంచు ఆకుపచ్చ.
రెండో సాక్షి దగ్గర పెన్ను ఆగింది.

అప్పుడే రేకుల అవతల
ఎవరో జనరేటర్ తాడు లాగారు.
ఒకసారి. రెండుసార్లు. అంటుకుంది.
పైపు దగ్గింది.
బాతులన్నీ ఒక్కసారే లేచాయి,
దులిపిన దుప్పటిలా.
హైటెన్షన్ తీగల మీదుగా ఒక చుట్టు,
పదమూడంతస్తుల అద్దాల ముందు
తమను తామే చూసుకుంటూ ఇంకో చుట్టు.

ఈరమ్మ తలెత్తి నిలబడింది.
నేను కాగితం మడవబోయాను.
గాలయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు,
కళ్లు ఇంకా రంధ్రం దగ్గరే.
"ఆగుండ్రి సార్.
ముప్పై నాలుగు.
రాసుకోండ్రి, మళ్ల ఆడ్నే కూసున్నయి."